పూతకు ముందు

కృష్ణానది సముద్రమును చేరు ప్రాంతమున నేల మెత్తనిది, గాలి తేమ గలది. అచ్చటి వరిచేలు ఎంత ప్రసిద్ధములో చేతిపనులును అంత ప్రసిద్ధములు. మచిలీపట్నమునకు కొలది దూరమున నున్న పెడనలో కలంకారీ అద్దకము జరుగును. చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేయుదురు. ఈ పనులను చూడవచ్చినవారు అద్దకమున రంగును చూచి మెచ్చుకొందురు. నగలలో మెఱుపును చూచి మెచ్చుకొందురు. కాని రంగు పడుటకు ముందు, మెఱుపు ఎక్కుటకు ముందు జరిగిన పని యెట్టిదో విచారించువారు అరుదు.

కలంకారీ అచ్చునే ఉదాహరణముగా తీసికొనవచ్చును. అది టేకు చెక్కతో చేయబడును. చెక్కపై చిత్రమును గీయుటకు ముందే దాని ముఖమును చిత్రిక పట్టి, అరగదీసి, సమతలముగా చేయుదురు. ఆ ముఖమున ఒక మూల వెండ్రుక వాసి పల్లముగా నున్నచో అద్దునప్పుడు ఆ మూల రంగు సరిగా అంటదు. అచ్చుపై పువ్వు ఎంత సొగసుగా చెక్కబడినను గుడ్డపై అది తెగిన పువ్వుగానే కనబడును. చెక్కడములోని నేర్పు నునుపులోని లోపమును కప్పలేదు.

కొయ్యతో చేయు వస్తువులన్నిటికిని ఈ నియమము వర్తించును. వాద్యములకు మఱింత ఎక్కువగా వర్తించును. ఏలయన, బల్లను కన్ను మాత్రమే పరీక్షించును. వాద్యమును కన్నును, చేయియు, చెవియు మూడును పరీక్షించును.

గుడివాడకు ఉత్తరముగా, హనుమాన్ జంక్షన్ దాటిన పిదప, నూజివీడు పట్టణము వచ్చును. అది పూర్వము కృష్ణాజిల్లాలోనిది; 2022వ సంవత్సరమున ఏలూరు జిల్లాలో చేరినది. మామిడిపండ్లకు పేరుపడిన ఆ పట్టణము వీణలకును పేరుపడినది. ఆంధ్రదేశమున వీణల తయారీకి ప్రసిద్ధి కెక్కిన మఱియొక ఊరు బొబ్బిలి. రెండు చోట్లను వీణలకు పనసకొయ్యనే వాడుదురు. పనసకొయ్య తేలికయైనది, చెదపురుగునకు త్వరగా లొంగనిది. కోసిన నాడు పసుపుపచ్చగా నుండి, కాలము గడచిన కొలది గోధుమవన్నెకు తిరుగును. బొబ్బిలివారు కుండను, దండిని, శిరస్సును ఒకే మ్రానులో తొలిచెదరు. అట్టి వీణకు ఏకాండి వీణయని పేరు.

వీణ చేయు క్రమములో మొదటి పని మోటుపని. బాడిశతో దుంగను చెక్కి రూపము తెత్తురు. పిమ్మట ఉలితో కుండను తొలిచెదరు. ఆ తరువాత ఆకురాయి, చిత్రిక, ఉప్పుకాగితము వరుసగా పనికి వచ్చును. ఇచ్చట అరగదీయుట అలంకారము కొఱకు మాత్రము కాదు. కుండ గోడ మందముగా నున్నచో తంతి కంపము కొయ్యకు చక్కగా సోకక నాదము మూగపోవును. మిక్కిలి పలుచనైనచో తంతుల బిగువునకు కొయ్య తాళలేదు. ఈ రెంటికిని మధ్య నున్న హద్దును కనుగొని, అచ్చట చేయి ఆపవలయును. కొయ్య నునుపైన పిదపనే మెఱుగు పూతయు, మైనముపై ఇరువదినాలుగు మెట్లను నిలిపి మేళము కట్టుటయు జరుగును.

కొయ్యను చెక్కువానికి ఇతర శిల్పులకు లేని కష్టమొకటి కలదు. కుమ్మరికి కుండ సరిగా రానిచో పచ్చిమన్నును మఱల ముద్దచేసి సారెపై పెట్టవచ్చును. కంసాలి నగ చెడినచో బంగారమును కరగించి మఱల పోయవచ్చును. వడ్రంగికి ఆ వెసులుబాటు లేదు. తీసిన కొయ్య పొట్టుగా నేల రాలును. దానిని మఱల అతికింప నలవికాదు. అందువలన అతని నేర్పు ఎంత తీయవలెనో తెలియుటయందు కంటె ఎచ్చట ఆగవలెనో తెలియుటయందే ఎక్కువగా కనబడును.

కాలక్రమమున వాద్యములలో ఒక గొప్ప మార్పు వచ్చినది. తంతి కంపమును కొయ్య తొఱ్ఱ పెద్దది చేయుటకు మాఱుగా విద్యుచ్ఛక్తి పెద్దది చేయుట ఆరంభమైనది. దాని వెనుక నున్న సూత్రము ఇంగ్లండు దేశీయుడగు మైకేల్ ఫారడే 1831వ సంవత్సరమున కనుగొన్నదే. అయస్కాంతమునకు సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టి, ఆ దిమ్మను ఉక్కు తంతుల క్రింద నుంచుదురు. దానికి పికప్ అని పేరు. తంతి కదలినప్పుడు అయస్కాంత క్షేత్రము మాఱును. ఆ మార్పుచే తీగచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆ విద్యుత్తును యంత్రముతో పెంచి ధ్వనిగా వినిపింతురు. ఇట్టి వాద్యమునకు తొఱ్ఱ యక్కరలేదు. గట్టి పలక యొకటి చాలును. అమెరికాలో లెస్ పాల్ అను వాద్యకారుడు 1940 ప్రాంతమున ఒక దేవదారు దుంగకే తంతులును పికప్పులును బిగించి ఈ సంగతిని నిరూపించెను. చూచువారికి గిటారువలె నుండుటకై దాని యిరుప్రక్కల మామూలు గిటారు భాగములను రెక్కలవలె తగిలించెను. 1950వ సంవత్సరమున లియో ఫెండర్ గట్టిపలక గిటారులను పెద్దయెత్తున చేసి అమ్మ నారంభించెను. 1954లో ఆయన సంస్థ తెచ్చిన స్ట్రాటోకాస్టర్ అను గిటారునకు వెనుకవైపున ప్రక్కటెముకలు ఒదుగునట్లును, ముందువైపున ముంజేయి ఆనునట్లును అంచులు వాలుగా అరగదీయబడినవి. వాయించువాని శరీరమునకు వాద్యము లొంగుట యనునది అరగదీత వలననే సాధ్యమైనది.

ఈ మార్పు డెల్టా ప్రాంతమునకును సోకినది. పాలకొల్లులో 1969వ సంవత్సరమున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ 1978లో, తొమ్మిదేండ్ల ప్రాయమున, గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవములందు తన మొదటి కర్ణాటక సంగీత కచేరి చేసెను. ఆ బాలుని చేతిలోని వాద్యము పాశ్చాత్య దేశముల నుండి వచ్చిన మాండొలిన్. మామూలు మాండొలిన్‌కు తంతులు జంటజంటలుగా ఎనిమిది యుండును. దాని స్వరము మీటిన వెంటనే తఱిగిపోవును. గమకములకు ప్రాధాన్యమిచ్చు మన సంగీతమునకు స్వరము నిలువవలెను. అందుచే శ్రీనివాస్ ఐదు ఒంటి తంతులు గల విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టి, దానిపై రాగాలాపన చేసి లోకమును మెప్పించెను. 1998లో ఆయనకు పద్మశ్రీ పురస్కారము లభించెను. 2014వ సంవత్సరమున ఆయన మరణించెను. గుడివాడలో ఆరంభమైన ఆ ప్రయాణము వలన మాండొలిన్ కర్ణాటక సంగీత వేదికపై స్థిరముగా చోటు సంపాదించుకొన్నది.

గట్టిపలక వాద్యమును ఇంటిలోనే చేసికొనవచ్చును. అట్లు చేసిన వారిలో మిక్కిలి పేరు పొందినవాడు బ్రయన్ మే అను ఆంగ్లేయుడు. 1963వ సంవత్సరమున అతడు పదునాఱేండ్ల విద్యార్థి. మంచి గిటారు కొనుటకు ఇంటిలో ధనము లేదు. అతని తండ్రి హెరాల్డ్ విద్యుత్పరికరముల పని తెలిసినవాడు. తండ్రికొడుకు లిద్దరును ఇంటిలోనే గిటారు చేయ పూనుకొనిరి. ఎవరో పాఱవేయనున్న పాత నిప్పుగూటి పైపట్టె మెడకు పనికివచ్చినది. అది ఏండ్ల తరబడి ఆఱిన మహాగని కొయ్య. దానికి పురుగు తొలిచిన రంధ్రము లుండెను. వానిలో అగ్గిపుల్లలు దూర్చి పూడ్చిరి. పాత బల్ల నుండి తీసిన ఓక్ కొయ్య మొండెమునకు పనికివచ్చినది. మెట్ల గుఱుతులకు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప బొత్తాములు వాడిరి. తంతులను వంచు ఏర్పాటునకు పాత మోటారుసైకిలు స్ప్రింగులు కుదిరినవి. మెడను యంత్రముతో గాక చేతితోనే రూపు దిద్దిరి. వాద్యము పూర్తియగుటకు సుమారు రెండేండ్లు పట్టెను. ఆ గిటారునే పట్టుకొని బ్రయన్ మే క్వీన్ అను సంగీత బృందములో ప్రపంచమంతయు తిరిగెను. 2002వ సంవత్సరమున లండనులోని బకింగ్‌హామ్ రాజభవనపు కప్పుపై నిలిచి దానినే వాయించెను. 2007లో ఖగోళ భౌతికశాస్త్రమున డాక్టరు పట్టమును పొందెను.

పాత కొయ్యయు బొత్తాములును ఎవరికైనను దొరకును. రెండేండ్ల ఓర్పు దొరకుటయే కష్టము. ఆ రెండేండ్లలో ఎక్కువ భాగము ఇట్టి పనిలో ఎట్లు వ్యయమగునో పని వరుసను చూచినచో తెలియును.

అన్నిటికంటె ముందు కొయ్య ఆఱవలెను. దివిసీమలో వానకాలమున తలుపులు బిగిసి మూతపడకుండుటయు, ఎండకాలమున వదులగుటయు అందఱకును అనుభవమే. కొయ్య గాలిలోని తేమను పీల్చి ఉబ్బును. తేమ పోగానే కుదియును. గాలిలోని తేమ నూటికి 65 పాళ్ళున్నప్పుడు కొయ్యలోని నీరు దాని పొడి బరువులో నూటికి సుమారు 12 పాళ్ళ వద్ద నిలుచును. గాలి తేమ 80 పాళ్ళైనచో 16 పాళ్ళ వఱకు పోవును. ఈ ఉబ్బుట పోగుల వెంట మిక్కిలి స్వల్పము, పోగులకు అడ్డముగా ఎక్కువ. కావున పచ్చికొయ్యను ఎంత నునుపుగా చేసినను ప్రయోజనము లేదు. నేడు సమముగా నున్న పలక రెండు నెలలలో గిన్నెవలె వంగును. సముద్రతీరమున పని చేయువారు కొయ్యను నీడలో, గాలి తగులునట్లు, పలకల నడుమ సన్నని పుల్లలు పెట్టి పేర్చి, ఓపికతో ఆఱనీయవలెను.

పిమ్మట రూపకల్పన. దళసరి కాగితముపై గిటారు ఆకారమును గీసి, కత్తిరించి, పలకపై పెట్టి గీతను దింపుదురు. గిటారు మొండెము మందము సాధారణముగా 44 మిల్లీమీటర్లు. రంపముతో గీతకు వెలుపల రెండు మూడు మిల్లీమీటర్లు వదలి కోయవలెను. ఆ వదలిన భాగమును ఆకురాయి తీసివేయును. గీతపైననే కోసినవానికి దిద్దుకొనుటకు కొయ్య మిగులదు. టేకుతో పని చేయువారు మఱియొక సంగతి గమనింపవలెను. ఆ కొయ్యలో ఇసుకకు సంబంధించిన సిలికా అను పదార్థము కలదు. అందుచే పనిముట్ల పదును త్వరగా చచ్చును. మొద్దుబారిన ఉలి కొయ్యను కోయదు, చించును. చినిగిన గాయము లోతుగా దిగి, నునుపు చేయునప్పుడు రెట్టింపు పని పెట్టును.

మెడ విషయమున మఱింత జాగ్రత్త కావలెను. మెడ వెనుకభాగము వాయించువాని అరచేతిలో నిరంతరము జాఱుచుండును. కంటికి కనబడని మిట్టను బొటనవ్రేలు కనిపెట్టును. అందువలన పనివారు కొంచెము అరగదీసి, కన్నులు మూసికొని, మెడను చేతితో తడవి చూతురు. చేయి ఎచ్చట తట్టుకొన్నదో అచ్చట పెన్సిలుతో గుఱుతు పెట్టి, అంతవఱకే మఱల అరగదీయుదురు.

మెడ కూర్చుండు గాడిని మాత్రము ఉప్పుకాగితము ముట్టరాదు. దీనికి చిన్న లెక్క కలదు. గాడి పొడవు 75 మిల్లీమీటర్లనుకొందము. దాని అడుగున ఒక కొనయందు అర మిల్లీమీటరు ఎక్కువగా అరిగినదనుకొందము. అచ్చటి నుండి మెడ 450 మిల్లీమీటర్లు సాగును. అనగా గాడి పొడవునకు ఆఱు రెట్లు. కావున మెడ చివర తప్పును ఆఱు రెట్లయి మూడు మిల్లీమీటర్లకు పెరుగును. తంతికిని మెట్టునకును నడుమ నుండవలసిన ఎడము దాదాపు రెండు మిల్లీమీటర్లు మాత్రమే! అర మిల్లీమీటరు పొరపాటు వలన తంతి మెట్టుకు తగిలి చిటచిటలాడును, లేదా చేతికందనంత పైకి లేచును. గాడి అంచులను గుండ్రముగా చేయుటయు ఇట్టి తప్పే. అందుచే అనుభవజ్ఞులు మొండెమును రుద్దునప్పుడు గాడిలో అదే కొలతగల కొయ్యముక్కను దూర్చి కాపాడుదురు.

ఇక నునుపు. పూర్వము గరుకైన ఆకులే ఈ పనికి సాధనములు. పారిజాతపు ఆకును వ్రేలితో రుద్దినచో దాని గరుకుదనము తెలియును. కొయ్యను, దంతమును ఆ ఆకులతో మెఱుగుపెట్టుచుండిరి. ఉప్పుకాగితము ఆ ఆకునకు వారసురాలు. దానిపై నున్నది ఉప్పు కాదు. కాగితముపై జిగురు పూసి గాజుపొడినో, కృత్రిమముగా చేసిన కఠిన ఖనిజపు పొడినో, గార్నెట్టు రాతి పొడినో అంటింతురు. గార్నెట్టు ఉత్తరాంధ్ర సముద్రతీరపు ఇసుకలోను లభించును. కాగితము వెనుక ముద్రింపబడిన అంకె పొడి సన్నదనమును తెలుపును. అంకె పెరిగినకొలది పొడి సన్నగిల్లును. 80 అంకె గల కాగితముపై రేణువు మిల్లీమీటరులో అయిదవ వంతుండును. 220 అంకె గల దానిపై సుమారు పదునైదవ వంతుండును.

ఉప్పుకాగితము నునుపు నీయదు, గీతల నిచ్చును అనిన వినువారికి వింతగా నుండవచ్చును. నిజమునకు ప్రతి రేణువును కొయ్యపై ఒక గీత గీయును. 80 కాగితము రంపపు గాట్లను తుడిచి, వాని స్థానమున తన గీతలను ఉంచును. 120 కాగితము ఆ గీతలను తుడిచి తన సన్నగీతలను ఉంచును. తరువాత 180, పిమ్మట 220. తుదకు గీతలు కంటికి ఆననంత సన్నమగును. దానినే నునుపు అందురు. నడుమ ఒక మెట్టును దాటవేసి 80 నుండి 220కి పోయినచో సన్నకాగితము లోతుగీతల అడుగును అందుకొనలేదు. పైభాగము మాత్రము మెఱయును. గీతలు లోపల దాగి యుండును.

రుద్దు విధమునందును నియమములు కలవు. కాగితమును వట్టిచేతితో పట్టరాదు. చదునైన చెక్కముక్కకు చుట్టవలెను. లేనిచో వ్రేళ్ళు నొక్కినచోట్ల పల్లములు పడును. పోగుల వెంటనే రుద్దవలెను. అడ్డముగా రుద్దినచో పోగులు తెగి, ఆ గీతలు రంగు వేసినప్పుడు నల్లగా పైకి వచ్చును. పలకపై పెన్సిలుతో తేలికగా అడ్డదిడ్డముగా గీసి, ఆ గీత లన్నియు పోవువఱకు రుద్దినచో పని అంతటను సమముగా జరిగినదని తెలియును. పోగుల కొనలు పైకి వచ్చు చోట్లు, అనగా మొండెము అడుగుకొనయు కొమ్ముల కొనలును, రంగును స్పాంజివలె పీల్చును. కావున అచ్చట మిగిలిన భాగముకంటె సన్నని కాగితముతో ఎక్కువసేపు పని చేయవలెను.

పగుళ్ళును రంధ్రములును ఉన్నచో అదే కొయ్య పొట్టును జిగురుతో కలిపి పూడ్చుదురు. ఇచ్చటను మెలకువ కావలెను. ప్రక్కకు పొంగిన జిగురును తుడువక విడిచినచో అది కొయ్య రంధ్రములను మూయును. ఆ చోట రంగు ఎక్కక తెల్లని మచ్చ నిలుచును.

అంతయు ముగిసినదని తోచిన పిదప ఇంకను ఒక పరీక్ష కలదు. తడిగుడ్డతో పలకను తుడువవలెను. నునుపుగా నున్న కొయ్య తడి తగులగానే గరుకగును. అణగియున్న పోగులు నీటికి ఉబ్బి లేచి నిలుచుటయే దీనికి కారణము. ఆఱిన పిదప ఆ లేచిన పోగులను సన్నని కాగితముతో తేలికగా తీసివేయవలెను. ఈ పనిని ముందుగా చేయనివానికి పూతలోని తడియే ఆ పోగులను లేపును. అప్పుడు పూతతో సహా రుద్దవలసి వచ్చును. తుదకు చీకటిగదిలో దీపమును పలక ప్రక్కన తక్కువ ఎత్తున పట్టి చూతురు. ఏటవాలు వెలుతురులో ప్రతి పల్లమునకును, ప్రతి గీతకును నీడ పడును. పగటివేళ కనబడని లోపము దీపముముందు దాగలేదు.

ఈ పనియందు ఆరోగ్యమును మఱవరాదు. కొయ్య ధూళి మిక్కిలి సన్ననిది. ఊపిరితో లోపలికి పోవును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995వ సంవత్సరమున కొయ్య ధూళిని క్యాన్సరు కలిగించు పదార్థములలో చేర్చినది. ముక్కునకును నోటికిని తగిన మాస్కు కట్టుకొని, గాలి యాడుచోట పని చేయుటయు, ధూళిని ఊదక తడిగుడ్డతో ఎత్తుటయు వివేకుల లక్షణము.

ఇంత పని జరిగిన పిదప వాద్యము చూచుటకు ఎట్లుండును? రంగు లేదు, మెఱుపు లేదు. తుడిచిన పీటవలె నుండును. పనికి క్రొత్తవారు ఇచ్చటనే తొందరపడుదురు. నెలల శ్రమ చేసినను కంటి కింపుగా ఏమియు కనబడదు; లక్కపూత ఒక్కటి వేసినచో అంతయు తళతళలాడునని తోచును. చిన్న గీతలను పూత కప్పివేయునని మనసు నమ్మింపజూచును.

కాని పూత స్వభావము అట్టిది కాదు. లక్క యైనను వార్నీషు యైనను పారదర్శకమైనది. అది కొయ్యలోని సహజమైన రేఖలను ఎంత లోతుగా, ఎంత అందముగా చూపునో, చేతి తప్పులను అంత స్పష్టముగా చూపును. గీతలలో రంగు నిండి నల్లబడును. పల్లముపై మెఱుపు పడి వంకరగా ప్రతిఫలించును. పూతకు ముందు వ్రేలికి మాత్రమే తెలిసిన తప్పు పూతకు పిమ్మట వీథిలో పోవువానికిని తెలియును. అప్పుడు దిద్దవలెనన్నచో పూతను గీకి, మొదటి మెట్టునుండి మఱల రావలెను. గీకిన ప్రతిసారియు కొయ్య తఱుగును. తఱిగిన కొయ్య తిరిగి రాదు.

నూజివీడు వీణకును, ఇంగ్లండు బాలుని గిటారునకును కొయ్యలు వేఱు, పనిముట్లు వేఱు, నాదములు వేఱు. అయినను ఉప్పుకాగితము పట్టిన చేతికి రెండు చోట్లను ఒకటే ధర్మము. కచేరి జరుగునప్పుడు శ్రోతలు స్వరమును విందురు, మెఱుపును చూతురు. మెట్టు మెట్టుగా అరగదీసిన చేతులను ఎవరును తలపరు. వాయించువాని బొటనవ్రేలు మాత్రము ఎచ్చటను తట్టుకొనక మెడ వెంబడి సాగిపోవును. ఆ చేతులకు అదియే తగిన బహుమానము.

ప్రశ్నలు

1. కొయ్యపని చేయువానికి, కుమ్మరికిని కంసాలికిని గల భేదమేమి?
2. విద్యుత్ గిటారునకు తొఱ్ఱ ఏల అక్కరలేదు?
3. గాడియందు అర మిల్లీమీటరు తప్పు మెడ చివర మూడు మిల్లీమీటర్లు ఎట్లగును?
4. పూతకు ముందు కొయ్యను తడిగుడ్డతో ఏల తుడువవలెను?
5. “పూత తప్పును దాచదు, చూపును” – ఈ వాక్యమును మీ ఊరిలోని మఱియొక చేతిపనితో పోల్చి వ్రాయుడు.